ఇంట్లో పొగ, పిల్లల ఊపిరి: కుటుంబంతో ఎలా మాట్లాడాలి? ఆరోగ్య కార్యకర్తలకు సమగ్ర మార్గదర్శి

"ఇంట్లో సిగరెట్ తాగొద్దని చెబుతూనే ఉన్నాం, వినరు. ఇంకెలా చెప్పాలి?" ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పీహెచ్‌సీలో కొత్తగా చేరిన డాక్టర్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చెప్పే విషయంలో సాధారణంగా తప్పేమీ ఉండదు. ఎవరితో చెప్పాం, ఎప్పుడు చెప్పాం, ఆ ఇంటివాళ్ళు రేపటి నుంచి చేయాల్సిన పని ఏమిటో తేల్చి వచ్చామా లేదా, తేడా అంతా అక్కడే వస్తుంది.

ఇది ముఖ్యంగా ఇళ్ళకు వెళ్ళి మాట్లాడేవాళ్ళ కోసం. ఓపీలో రెండు నిమిషాలు మాత్రమే దొరికే డాక్టర్లకు 3, 4, 5 భాగాలు సరిపోతాయి.

1. ముందు రెండు పనులను విడదీసుకోండి

ఇంట్లోకి పొగ రాకుండా చూడటం ఒక పని. తాగే మనిషి చేత మాన్పించడం ఇంకో పని. మొదటిది ఈ సాయంత్రం నుంచే మొదలవ్వచ్చు. రెండోదానికి నెలలు పట్టొచ్చు, మధ్యలో రెండు మూడుసార్లు తప్పిపోవచ్చు కూడా.

రెండూ కలిపేసి "మానెయ్ అన్నా" అని ఒక్క మాట అనేసి వస్తే, ఆయన "నా వల్ల కాదు" అంటాడు. దాంతో సంభాషణ ముగుస్తుంది, పిల్లవాడికి ఏ లాభమూ ఉండదు. అందుకే ఇంటి నియమం గురించి ముందు మాట్లాడండి. మానడం గురించి ఆ తర్వాత అడగండి.

అయితే ఒక మాట దాచకండి. బయటికెళ్ళి తాగడం వల్ల పిల్లలకు పొగ బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. పూర్తి రక్షణ మానడంలోనే ఉంది. ఇది మొదటిరోజే చెప్పాలి, మెత్తగా చెప్పాలి.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. సొంత ఇంటి గదులకు అది వర్తించదు. కాబట్టి "ఫైన్ వేస్తారు" అని భయపెట్టి లాభం లేదు. ఇంటి నియమం ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే నిలుస్తుంది.

2. వెళ్ళే ముందు తయారీ

మనకు ప్రత్యేకంగా తిరిగే పని లేదు. ఎలాగూ వెళ్ళే రోజులు ఉన్నాయి:

- గర్భం నమోదు చేసే రోజు, తర్వాతి చెకప్‌లు
- కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజు ఇంటి సందర్శనలు
- బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలల్లో చేసే సందర్శనలు
- టీకాల రోజు
- పిల్లవాడు దగ్గు, ఆయాసం, చెవిపోటుతో ఓపీకి వచ్చిన ప్రతిసారీ

వీటన్నిటిలో చివరిది చాలా విలువైనది. బిడ్డకు నెబ్యులైజర్ పెట్టిస్తూ కూర్చున్న తండ్రి వినేంతగా మామూలు రోజుల్లో ఎవరూ వినరు. ఆ సమయాన్ని మందలించడానికి వాడుకోకండి. సాయం చేయడానికి వాడుకోండి.

వెళ్ళే సమయం కూడా చూసుకోవాలి. పదకొండు గంటలకు వెళ్తే ఇంట్లో తల్లి, అత్తగారు ఉంటారు. తాగే మనిషి పనికెళ్ళి ఉంటాడు. వీలైతే ఒక్క సందర్శనైనా ఆయన ఉండే వేళకు మార్చుకోండి. కుదరకపోతే ఫోన్‌లో మాట్లాడండి.

పుట్టిల్లు, అత్తిల్లు సంగతి చాలామంది మర్చిపోతారు. మన దగ్గర తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. బిడ్డ మొదటి నెలలన్నీ అమ్మమ్మ ఇంట్లోనే గడుస్తాయి. అక్కడ తాగేది తాతయ్యో మేనమామో కావచ్చు. తర్వాత అత్తింటికి వెళ్ళాక అక్కడి పొగ వేరు, అక్కడి ఆశా వేరు. అందువల్ల రెండు ఇళ్ళ గురించీ అడగాలి. బిడ్డ వెళ్ళే ముందు ఆ ఊరి ఆశాకు ఫోన్ చేసి, ఏం ఒప్పందం కుదిరిందో చెప్పాలి. తల్లీబిడ్డల కార్డు మీద ఒక ముక్క రాసిపెడితే ఇంకా మంచిది.

3. అడగడం

"మీ ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?" అని అడిగితే "లేదండీ" అనే జవాబు వస్తుంది. కొందరు పరువు కోసం అలా అంటారు. ఇంకొందరి లెక్కలో బీడీ, చుట్ట సిగరెట్ కిందికి రావు. ప్రశ్న ఇలా మార్చండి:

- "ఇంట్లో సిగరెట్, బీడీ, చుట్ట, హుక్కా ఏదైనా తాగేవాళ్ళు ఎవరున్నారు?"
- "వాళ్ళు ఎక్కువగా ఎక్కడ కూర్చుని తాగుతారు? వరండానా, బాత్రూమా, బాల్కనీనా?"
- "వచ్చిపోయే చుట్టాలు, స్నేహితులు ఇంట్లో తాగుతారా?"
- "బండి మీద, కారులో, ఆటోలో బిడ్డ ఉన్నప్పుడు తాగుతారా?"
- "పక్క పోర్షన్ నుంచి గానీ, కింది ఫ్లాట్ నుంచి గానీ పొగ వస్తుందా?"
- "రాత్రి బిడ్డ ఎవరి పక్కన పడుకుంటుంది?"

చివరి ప్రశ్నను వదలొద్దు. పసిబిడ్డ పొగ తాగేవారి పక్కలో పడుకుంటే నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పు పెరుగుతుంది.

తల్లిని కూడా అడగాలి. ఆడవాళ్ళు తాగరని ముందే అనుకోవద్దు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీర గ్రామాల్లో పెద్ద వయసు ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు ఉంది. నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట తాగుతారు. పొగ పెద్దగా బయటికి కనిపించదు కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని పొగగా లెక్కేయరు. మనవడు మాత్రం ఆమె ఒడిలోనే ఉంటాడు.

4. ఆ ఇంటి బిడ్డకు ముడిపెట్టి చెప్పడం

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయనీ వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కలిగించేవనీ మనకు తెలుసు. ఆ అంకెలు ఇంట్లో వల్లిస్తే ఎవరికీ పట్టవు. ఆ బిడ్డకు ఈ ఏడాది వచ్చిన జబ్బు నుంచే మొదలుపెట్టండి.

పొగ ఉన్న ఇళ్ళలో పిల్లలకు ఎక్కువగా వచ్చేవి ఇవి:

- నిమ్ము, దగ్గు, పిల్లికూతలు
- ఉబ్బసం ఉన్న పిల్లలకు తరచూ ఆయాసం, తీవ్రమైన ఆయాసం
- చెవిపోటు, చెవిలో చీము
- గర్భిణి పీల్చితే తక్కువ బరువుతో పుట్టే బిడ్డ
- ఏడాది లోపు పసికందుల్లో నిద్రలో ఆకస్మిక మరణం

చెప్పే తీరు ఇలా ఉండొచ్చు: "అన్నా, బాబుకు ఈ చలికాలంలో రెండుసార్లు ఆయాసం వచ్చింది కదా. మందు వాడుతున్నారు, బాగానే ఉంది. గదిలో పొగ ఉంటే ఆ మందు అంత బాగా పనిచేయదు. పొగ లేకపోతే ఆయాసం వచ్చే రోజులు తగ్గుతాయి." ఇంత చాలు. తర్వాత ఆగండి. ఆయన ఏమంటాడో వినండి.

"నీ వల్లే బిడ్డకు జబ్బు చేసింది" అనకండి. ఏ ఒక్క బిడ్డ విషయంలోనూ మనం అంత ఖాయంగా చెప్పలేం. పైగా ఆ మాటతో ఆయన లేచి వెళ్ళిపోతాడు.

పిల్లలకే ఎందుకు ఎక్కువ నష్టం అని అడిగితే సులువైన వివరణ ఉంది. పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి పీలిస్తే, పుట్టిన బిడ్డ 40 నుంచి 60 సార్లు పీలుస్తుంది. గది ఒకటే, పొగ ఒకటే, బిడ్డ లోపలికి వెళ్ళేది ఎక్కువ. పెద్దవాళ్ళలా లేచి అవతలికి వెళ్ళడం కూడా ఆ బిడ్డకు చేతకాదు.

5. ఒక్క స్పష్టమైన ఒప్పందం చేసుకోవడం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే గుర్తుంచుకోవాలంటే ఇదే. "జాగ్రత్తగా ఉండండి" అనేది సలహా కాదు. ఎక్కడ, ఎవరు, ఎప్పటి నుంచి అన్నది తేలాలి.

ప్రధాన నియమం: గడప లోపల ఎవరూ, ఎప్పుడూ తాగరు. చుట్టాలతో సహా.

"ఎప్పుడూ" అన్నది ముఖ్యం. బిడ్డ నిద్రపోయాకనో, పుట్టింటికి వెళ్ళినప్పుడో తాగొచ్చు అనుకుంటారు. పొగలోని రసాయనాలు పరుపులకు, కర్టెన్లకు, గోడలకు, బట్టలకు అంటుకుని చాలాకాలం ఉంటాయి. పాకే బిడ్డ వాటిని ముట్టుకుంటుంది, చేతులు నోట్లో పెట్టుకుంటుంది.

కుటుంబాలు తామే కనిపెట్టే సగం సగం పద్ధతులు ఇవి. వీటిలో ఏదీ పనిచేయదు:

- కిటికీ దగ్గర నిలబడి తాగడం. గాలి పొగను మళ్ళీ లోపలికే తోస్తుంది.
- ఫ్యాన్, ఏసీ, ఎగ్జాస్ట్ వేయడం. పొగ పలచబడుతుంది, పోదు.
- బాత్రూమ్‌లో తాగి తలుపు వేయడం. తలుపు సందుల్లోంచి పొగ గదిలోకి వస్తుంది.
- అగరొత్తి వెలిగించడం, రూమ్ స్ప్రే కొట్టడం. వాసన మారుతుంది, పైగా ఇంకో పొగ కలుస్తుంది.
- బాల్కనీ తలుపు తెరిచి తాగడం. ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు కిందికి దిగి వెళ్ళడమే మేలు.

బయట తాగి వచ్చిన వాళ్ళు బిడ్డను ఎత్తుకునే ముందు చేయాల్సినవి:

- పది నిమిషాలు ఆగాలి. తాగడం అయ్యాక కూడా కొన్ని నిమిషాలు ఊపిరిలో పొగ వస్తుంది.
- చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి. నోరు పుక్కిలించాలి.
- పైచొక్కా మార్చుకోవాలి. తాగేటప్పుడు వేసుకునే ఒక పాత చొక్కా గడప బయట మేకుకు తగిలించుకుంటే సులువు.
- పీకలు, ప్యాకెట్లు, బీడీ కట్టలు పిల్లలకు అందని చోట పెట్టాలి. పీక మింగిన బిడ్డకు వాంతులు, చొంగ కారడం మొదలైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

బిడ్డ ఉన్నా లేకున్నా కారులో, ఆటోలో తాగకూడదు. అద్దాలు దించినా సరే.

ఒప్పందం వాళ్ళ నోటితోనే చెప్పించండి. "అయితే రేపటి నుంచి ఎక్కడికెళ్ళి తాగుతావన్నా?" అని అడిగితే "వీధి చివర వేపచెట్టు దగ్గర" అని ఆయన చెప్పాలి. మనం చెప్పిన చోటుకు ఆయన వెళ్ళడు, తాను ఎంచుకున్న చోటుకు వెళ్తాడు. ఆ చోటు, తేదీ మీ డైరీలో రాసుకోండి.

పిల్లల్ని కొట్టుకు పంపి సిగరెట్లు తెప్పించడం కూడా ఆపించండి. 18 ఏళ్ళ లోపు వారికి పొగాకు అమ్మడం చట్టం ప్రకారం నేరం. అంతకంటే ముఖ్యంగా, ఆ పిల్లవాడికి ప్యాకెట్ చేతికి అలవాటవుతుంది.

6. ఇంట్లో ఎవరితో ఎలా

*తండ్రితో:* పక్కకు పిలిచి ఒంటరిగా మాట్లాడండి. అత్తమామల ముందు, బావమరుదుల ముందు వద్దు.

*తాతయ్యతో:* యాభై ఏళ్ళ అలవాటు. "మానెయ్ తాతా" అంటే నవ్వి ఊరుకుంటాడు. "తాతా, పాప నీ పక్కలోనే పడుకుంటానంటోంది కదా, పాప కోసం చుట్ట అరుగు మీదే కాల్చుకో" అంటే చాలామంది వింటారు. కోడలు చెబితే ఆయనకు చిన్నతనం. డాక్టరో, ఏఎన్ఎమ్మో చెప్పారంటే ఆ ఇబ్బంది ఉండదు.

*అడ్డపొగ అలవాటున్న పెద్దమ్మతో:* ముందు ఆమె ఆరోగ్యం గురించే అడగండి. అంగిలిలో మంట, తెల్ల మచ్చలు, మానని పుండు ఉన్నాయేమో చూపించుకోమనండి. అడ్డపొగ వల్ల అంగిలి క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది. ఆమెను పట్టించుకున్నాక మనవడి మాట చెప్పండి.

*తల్లితో:* భర్తను కాపలా కాసే పని ఆమె మీద పెట్టొద్దు. మనం వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమె. గొడవకు, దెబ్బలకు భయపడుతున్నట్టు కనిపిస్తే ఒప్పందం సంగతి ఆపి, ఆమె భద్రత చూడండి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమెకు మాత్రమే తెలిసేలా చెప్పండి. తల్లి తానే తాగుతుంటే పాలివ్వడం ఆపమనకండి. తల్లిపాలు కొనసాగాలి. పాలిచ్చే ముందు తాగకుండా, మానే దిశగా సాయం కావాలి.

*బీడీలు చుట్టే ఇళ్ళలో:* నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు ఇది చాలామంది ఆడవాళ్ళకు బతుకుదెరువు. పని మానమని చెప్పే హక్కు మనకు లేదు. చేయగలిగినవి చెప్పండి: చేట ముందు కూర్చునే చోటుకు బిడ్డ ఉయ్యాల దూరంగా ఉండాలి. తంబాకు మూతున్న డబ్బాలో పెట్టాలి, వంటగదిలో వద్దు. పాలిచ్చే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, చీర మీద దుమ్ము దులుపుకోవాలి. గాలి వచ్చే చోట కూర్చోవాలి.

*ఇతర పొగలు:* స్నానం తర్వాత బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్ళలో ప్రేమతో చేసే పని. అమ్మమ్మను నొప్పించకుండా చెప్పండి: తల మెత్తటి గుడ్డతో ఆరబెట్టండి, సాంబ్రాణి దేవుడి దగ్గర బిడ్డ లేనప్పుడు వేయండి. దోమల కాయిల్ బదులు దోమతెర. కట్టెల పొయ్యి ఉంటే వంట జరిగేటప్పుడు బిడ్డను ఇంకొకరు బయట పట్టుకోవాలి. సిగరెట్ ఒక్కటే తప్పు పట్టి కాయిల్‌ను వదిలేస్తే తండ్రి అదే ఎత్తి చూపిస్తాడు, అది న్యాయమే.

7. మానతానన్నవారికి సాయం

"మానాలని ఉందా?" అని అడగండి. లేదంటే ఒత్తిడి చేయకండి, మళ్ళీ అడుగుతానని చెప్పి రండి. ఉందంటే అప్పుడే కూర్చోండి.

1. రెండు వారాల లోపు ఒక తేదీ పెట్టించండి. బిడ్డ పుట్టినరోజు గానీ, మాల వేసుకునే రోజు గానీ ఉంటే బాగా పనిచేస్తుంది. దీక్షలో 41 రోజులు మానగలిగిన మనిషి మానలేడని ఎవరూ అనలేరు. మాల తీసిన రోజుకు ముందే మాట్లాడి పెట్టుకోండి, చాలామంది ఆ రోజే మళ్ళీ మొదలుపెడతారు.
2. ఎప్పుడెప్పుడు తాగుతాడో రాయించండి: టీ తర్వాత, అన్నం తర్వాత, మందు తాగినప్పుడు, టెన్షన్‌లో. ఒక్కోదానికి బదులు ఏం చేస్తాడో అనుకోవాలి.
3. పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు మీ ఎదురుగానే ఫోన్ చేయించండి. ఇది టోల్ ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు. మొబైల్ సందేశాల సాయం కావాలంటే 011-22901701కు మిస్డ్ కాల్ ఇవ్వాలి.
4. లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించే మనిషికి అలవాటు బలంగా ఉన్నట్టు లెక్క. డాక్టరు దగ్గరికి, జిల్లా ఆసుపత్రిలోని పొగాకు విముక్తి కేంద్రానికి పంపండి.
5. నికోటిన్ గమ్ వాడేవాళ్ళకు పద్ధతి నేర్పండి. చూయింగ్ గమ్‌లా నమలకూడదు. ఘాటు తెలిసేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకు, చిగురుకు మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. అరగంట ఇలా చేయాలి. 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, పళ్ళరసం వద్దు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే వాడాలి. గమ్ కూడా పిల్లలకు అందకూడదు.

మొదటి మూడు రోజులు బాగా కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఇంటివాళ్ళకు ఈ మాట ముందే చెప్పండి. తాగాలనే తపన వచ్చినప్పుడు కొద్ది నిమిషాలే గట్టిగా ఉంటుంది. నీళ్ళు తాగడం, నాలుగు అడుగులు నడవడం, గాఢంగా ఊపిరి పీల్చడంతో గడిచిపోతుంది.

8. ఎదురయ్యే మాటలు, ఇచ్చే జవాబులు

"మా నాన్న చుట్ట కాల్చాడు, మాకేం కాలేదు." వాదించకండి. "మీకు కాలేదు, సంతోషం. బాబుకు ఇప్పటికే ఆయాసం ఉంది, వాడి సంగతి చూద్దాం."

"బీడీ ఆకుతో చేసింది, సిగరెట్ అంత చెడ్డది కాదు." లోపల కాలేది పొగాకే. ఆకు కాలినా పొగే.

"రోజుకు రెండే." పొగకు ఇంతవరకైతే ప్రమాదం లేదనే కొలత లేదు. తగ్గించినందుకు మెచ్చుకుని, ఆ రెండూ బయటే తాగమనండి.

"సిగరెట్ మానేసి ఖైనీ పట్టాను." బిడ్డకు పొగ తగ్గింది, ఆయనకు నోటి క్యాన్సర్ ముప్పు వచ్చింది. దాన్ని పరిష్కారంగా ఒప్పుకోవద్దు.

"ఈ-సిగరెట్ వాడతాను." మన దేశంలో 2019 నుంచి వాటి తయారీ, అమ్మకం నిషేధం. అందులోంచి వచ్చేదీ ఉత్త ఆవిరి కాదు.

9. తరచూ జరిగే తప్పులు

- కరపత్రం చేతికిచ్చి వచ్చేయడం. అది టీవీ వెనక చేరుతుంది. చదివి వినిపించి, ఒక్క వాక్యం కింద గీత గీయండి.
- ఒకే రోజు టీకాలు, పోషణ, మరుగుదొడ్డి, పొగ అన్నీ చెప్పడం. పొగ మాట ఆ రోజుకు ఒక్కటే కొత్త విషయం కావాలి.
- మనం తాగి వెళ్ళడం. మగ ఆరోగ్య సిబ్బంది జేబులో ప్యాకెట్ కనిపిస్తే ఆ ఇంట్లో ఇంకేం చెప్పినా చెల్లదు.
- తర్వాత అడగకపోవడం. ఇదే పెద్ద తప్పు.

10. మళ్ళీ వెళ్ళినప్పుడు

వారం లోపు ఒకసారి ఫోన్, నెలలోపు ఒకసారి ఇంటికి. "మానేశావా?" అని కాదు, "వేపచెట్టు దగ్గరికి వెళ్ళడం కుదురుతోందా అన్నా?" అని అడగాలి. వానాకాలం వచ్చిందంటే ఒప్పందం సడలుతుంది. అప్పుడు నిలబడటానికి బయట ఒక నీడ చూసి పెట్టుకోమనండి.

నమోదు చేయాల్సినవి: ఎవరు తాగుతారు, ఎక్కడ తాగుతారు, ఒప్పందం ఏమిటి, పోయినసారి నుంచి బిడ్డకు దగ్గు, ఆయాసం ఎన్నిసార్లు వచ్చాయి. ఆయాసం రాని నెలను ఆ తండ్రికి చూపించండి. అది ఆయన చేసిన పని అని చెప్పండి.

వెళ్ళిన ప్రతిసారీ బిడ్డ ఊపిరి చూడండి. ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి:

- 2 నెలల లోపు: 60 లేదా ఎక్కువ
- 2 నెలల నుంచి ఏడాది లోపు: 50 లేదా ఎక్కువ
- 1 నుంచి 5 ఏళ్ళు: 40 లేదా ఎక్కువ

ఊపిరి ఇంత వేగంగా ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించాలి. రెండు నెలల లోపు బిడ్డ అయితే మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి, అంతే ఉంటే ఆసుపత్రికి పంపాలి. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతుంటే, పెదాలు నీలంగా మారితే, మగతగా ఉంటే, ఫిట్స్ వస్తే పొగ గురించిన మాటలన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.